వార్మ్ ఇంటీరియరూ, ప్రొద్దుటూరు ఎండా

"బావా, ఇంటీరియర్ వార్మ్‌గా ఉండాలంట."

రెండేళ్ళ క్రితం మా బామ్మర్ది ఫోన్లో అన్న మాట ఇది. నేనప్పుడు ఆఫీసులో ఒక రిలీజు మధ్యలో ఉన్నాను. "వార్మ్ అంటే ఏందిరా?" అనడిగాను పరధ్యానంగా.

"అదే బావా, వెచ్చగా."

ప్రొద్దుటూర్లో. వెచ్చగా. అదీ ఏప్రిల్ నెలలో. ఇద్దరం ఒకేసారి పెద్దగా నవ్వాం. అసలు సమాధానం ఆ నవ్వులోనే ఉందని తెలుసుకోవడానికి నాకు ఒక ఏడాదీ, తొమ్మిది లక్షల రూపాయలూ పట్టాయి. ఆ కథే ఇది. మనలో చాలామందికి ఏదో ఒక రోజు ఉద్యోగం మానేసి ఊర్లో ఓ హోటలు పెట్టాలని ఉంటుంది కదా (లేదని అబద్ధం చెప్పకండి), అలాంటి వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు సీను చెప్తాను. మాది పెండ్లిమర్రి. కడప నుంచి వేంపల్లె మీదుగా పులివెందులకు పోయే దోవలో వస్తుంది. హైస్కూలు నుంచి ఇంటర్ దాకా నేను చదివింది మాత్రం ప్రొద్దుటూర్లో, మా మామ వాళ్ళింట్లో ఉండి. మామ అంటే అమ్మ తమ్ముడు. ఆయన ఒక జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తా. ప్రొద్దుటూరంటే బయటివాళ్ళకి బంగారం అంగళ్ళు, దసరా, కారం దోశె గుర్తొస్తాయి. మాకు మాత్రం పత్తి. సీజన్లో పత్తి బండ్లు మిల్లు గేటు ముందు వరసగా నిలబడేవి. మామ ఒక్కో బండినీ కాటా మీదికి ఎక్కించి, చీటీ రాసి లోపలికి పంపించేవాడు. లోపల గింజ వేరు, దూది వేరు. క్వింటాలు పత్తి పోస్తే దూది ఓ ముప్పైనాలుగు కేజీలొస్తుంది, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం గింజే. దూదిని నొక్కి 170 కేజీల బేళ్ళు కడతారు. గింజ నూనె మిల్లుకి పోతుంది. నాకు లెక్కలంటే ఇష్టం పుట్టింది ఆ కాటా దగ్గరే అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

2000ల మొదట్లో ఆ మిల్లు మూతపడింది. అందులో వాళ్ళకి రావాల్సిన బాకీలు కొందరికి సగం ముట్టాయి, కొందరికి అదీ లేదు. మామ ఆ తర్వాత ఒక బట్టలంగట్లో కూర్చున్నాడు. మిల్లు హాలు మాత్రం అట్లాగే ఉండిపోయింది. చుట్టుపక్కల షెడ్లు ఒకటి గోడౌనయ్యింది, ఇంకోటి బైకు మెకానిక్కు, మరొకటి కల్యాణమండపం. ఇన్నేళ్ళకి మామ కొడుకే, అంటే మా బామ్మర్దే, ఆ హాలు లీజుకి తీసుకుని హోటలు పెడతానన్నాడు. అక్కడే నేను కరిగిపోయాను. "నాన్న పని చేసిన మిల్లులో కొడుకు హోటలు." వినడానికి ఎంత బావుంది! నా వాటా కింద తొమ్మిది లక్షలు పంపించాను. దాంతో పాటు బోల్డంత ఉచిత సలహా కూడా.

ఆ సలహాలు ఎక్కడివంటే, అమెరికావి.

ఒకప్పుడు ఉద్యోగం పని మీద నార్త్ కరోలినాలో రీసెర్చ్ ట్రయాంగిల్ దగ్గర ఉన్నాను. మనవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి మీలో కొందరికి డర్హమ్ ఊరు తెలిసే ఉంటుంది. అక్కడ లక్కీ స్ట్రైక్ సిగరెట్లు చేసిన పెద్ద పొగాకు ఫ్యాక్టరీ ఉండేది. 1987లో మూసేశారు. చాలా ఏళ్ళు పాడుబడి ఉండి, 2004లో ఆఫీసులు, రెస్టారెంట్లుగా మళ్ళీ తెరుచుకుంది. ఎర్ర ఇటుక గోడలు, ఇనప దూలాలు, సిగరెట్టు పేరు రాసిన పొగగొట్టం అన్నీ అలాగే ఉంచారు. నేను వెళ్ళింది జనవరిలో. బయట సున్నాకి దగ్గరగా ఉంది. లోపలికి అడుగు పెట్టగానే పసుపు దీపాలు, ఇటుక గోడ, ముదురు చెక్క బల్లలు, సూపు వాసన... ప్రాణం లేచొచ్చింది. వార్మ్ అంటే ఇదీ అని ఆ రోజు నా బుర్రలో ముద్ర పడిపోయింది.

ఆ ముద్రనే ప్రొద్దుటూరుకి కాపీ పేస్టు చేశాను. ఎన్విరాన్మెంటు వేరియబుల్స్ చూడకుండా కోడు డిప్లాయ్ చేస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. అయినా చేశాను.

మొదటి డిజైను ఇదీ: పాత సున్నం గిలాబు చెక్కేసి ఇటుక బయటపెట్టడం. దూలాలకి నల్ల రంగు. పైనుంచి వేలాడే, లోపల తీగ కనపడే పాతకాలపు మోడల్ బల్బులు. మన కడప బండలతోనే బల్లలు. లోకల్ టచ్ అన్నమాట! నున్నగా పాలిష్ పెట్టిన నల్ల బండ. ఫోటోల్లో చూస్తే ఎవరైనా హైదరాబాదు అనుకుంటారు. బామ్మర్ది వాట్సాప్‌లో ఫోటోలు పెట్టినప్పుడల్లా నేను టీములో అందరికీ చూపించేవాణ్ణి.

మార్చి చివర్లో, తెరవక ముందు, చుట్టాలని నలభైమందిని పిలిచి ఒక మధ్యాహ్నం భోజనం పెట్టాం. మనం యూజర్ యాక్సెప్టెన్స్ టెస్టింగ్ అంటామే, అదే. నేను సెలవు పెట్టి మరీ వచ్చాను.

మొదటి బగ్గు గుమ్మంలోనే. బయట కళ్ళు చెదిరే ఎండ, లోపల మసక వెలుతురు. ఎండలోంచి వచ్చినవాళ్ళ కళ్ళు చీకటికి అలవాటు పడడానికి కొన్ని నిమిషాలు కావాలి. మా పెద్దత్త గుమ్మం దాటి, ఏమీ కనపడక, గోడ పట్టుకుని నిలబడి "ఏమప్పా, కరెంటు పోయిందా?" అంది. మెట్టు ఒకటి ఎవరికీ కనపడలేదు. ఇద్దరు తూలారు.

రెండోది బల్లలు. కడప బండ సున్నపురాయి. పులుపు తగిలితే దాని నునుపు పోతుంది. ఇది ఎనిమిదో క్లాసు రసాయనశాస్త్రం. చింతపండు పులుసు ఒలికిన చోటల్లా తుడిచినా పోని తెల్ల మచ్చలు. మా ఇళ్ళల్లో తరతరాలుగా ఆ బండని నేలకీ, అరుగుకీ, అటకకీ వాడారు గానీ అన్నం తినే బల్లకి ఎందుకు వాడలేదో ఎవరూ ఆలోచించలేదు. నేనైతే అస్సలు ఆలోచించలేదు.

మూడోది చప్పుడు. నలభైమంది మాట్లాడుతుంటే నాలుగొందలమంది ఉన్నట్టుంది. పక్కవాడి మాట వినపడక ఇంకా గట్టిగా అరవడం, వాడు అరిచాడని వీడు అరవడం. వడ్డించేవాళ్ళకి "సంగటి" అంటే "సాంబారు" అని వినపడుతోంది.

నాలుగోది, అన్నిటికంటే పెద్దది, వేడి. పైన సిమెంటు రేకులు. కింద నేను మురిసిపోయి ఎంచుకున్న నల్ల దూలాలు, ఎర్ర గోడ. రెండు ఏసీలు పెట్టాం, అవి ఆ పద్దెనిమిది అడుగుల ఎత్తు హాల్లో సముద్రంలో కాకిరెట్ట. గాలి కాస్త చల్లగా తగులుతున్నా నెత్తి మాత్రం మాడిపోతోంది.

ఈ గోలంతా చూసి మామ ఏమీ అనలేదు. తన పళ్ళెం తీసుకుని మెల్లగా లేచి బయటికి పోయాడు. కాంపౌండులో కాటా పక్కన పాత వేపచెట్టు ఉంది. దాని కింద అరుగు మీద కూర్చుని తినడం మొదలుపెట్టాడు. ఆయన వెనకే ఒకరొకరుగా అందరూ... పావుగంటలో హాలు ఖాళీ. తొమ్మిది లక్షల ఇంటీరియర్లో నేనూ, బామ్మర్దీ, వేలాడే బల్బులూ మిగిలాం.

తెలుగులో వెచ్చం అంటే ఖర్చు. వెచ్చదనం కోసం పోతే వెచ్చం మిగిలింది :)

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆలోచిస్తే నవ్వొచ్చింది కూడా. మన భాషలో మంచి చోటుని మనం ఎప్పుడైనా వెచ్చగా ఉందని మెచ్చుకున్నామా? చల్లటి నీడ అంటాం. చలువ పందిరి వేస్తాం. చలివేంద్రం పెడతాం. దీవిస్తే చల్లగా బతకమంటాం. అన్నం పెట్టిన తల్లిని నీ కడుపు చల్లగుండ అంటాం. అదే కోపమొస్తే ఒళ్ళు మండుతుంది, అసూయ అయితే కడుపుమంట. మనకి వేడిగా ఉండాల్సింది పళ్ళెంలో అన్నం ఒక్కటే. చోటు చల్లగానే ఉండాలి. చలిదేశపు వాడికి వార్మ్ అనే మాట ఏ సుఖాన్ని చెప్తుందో, నలభైమూడు డిగ్రీల ఎండలో బతికే మనకి చల్లన అనే మాట ఆ సుఖాన్నే చెప్తుంది. నేను అర్థాన్ని కాకుండా మాటని అనువాదం చేశాను. తప్పు డిజైనర్‌ది కాదు, ఎర్ర ఇటుకదీ కాదు. నాదే.

మర్నాడు ఇంజినీరు బుద్ధి మేల్కొంది. ముందు కొలవాలి కదా. కోవిడ్ రోజుల్లో కొన్న థర్మామీటరు తుపాకీ ఇంట్లో ఉంటే పట్టుకెళ్ళి రేకుల వైపు గురిపెట్టాను. అది మనిషి జ్వరానికి చేసింది కాబట్టి ఎక్కువ అని మాత్రం చూపించి చేతులెత్తేసింది. వర్క్‌షాపుల్లో వాడే రకం ఒకటి తెప్పించాను. మధ్యాహ్నం రెండింటికి రేకు లోపలి వైపు 58 డిగ్రీలు! అంటే మనం కూర్చున్నది పెద్ద పెనం కింద. గాలి ఎంత చల్లబరిచినా ఆ పెనం నుంచి వచ్చే సెగ నేరుగా ఒంటికి తగులుతుంది. ఏసీ ఆ సెగని ఆపలేదు.

చప్పుడుకి కూడా లెక్క ఉంది. 1890ల్లో హార్వర్డులో వాలెస్ సాబిన్ అనే ఆయన, పాఠం ఒక్క ముక్క వినపడని ఒక లెక్చర్ హాలుని బాగుచేయమంటే, రాత్రిళ్ళు వేరే థియేటరు నుంచి సీటు దిండ్లు మోయించుకొచ్చి, ఎన్ని దిండ్లు పెడితే ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో కొలిచాడు. ఆ కొలతల్లోంచి వచ్చిన సూత్రం ఇప్పటికీ వాడతారు: హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, చప్పుడుని పీల్చుకునే వైశాల్యంతో భాగిస్తే, చప్పుడు పూర్తిగా అణగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వస్తుంది.

మా హాలు 60 అడుగుల పొడవు, 40 వెడల్పు, 18 ఎత్తు. అంటే దాదాపు 1,223 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 780 చదరపు మీటర్లు. బండ, ఇటుక, రేకు ఏవీ చప్పుడుని పీల్చవు, సగటున నూటికి నాలుగు వంతులు వేసుకుంటే 31 చదరపు మీటర్లు. లెక్క వేస్తే 6.4 సెకన్లు! నలభైమంది మనుషులు తలా 0.45 చొప్పున ఇంకో 18 కలిపితే 4 సెకన్లు. హోటలుకి ఒకటి, ఒకటిన్నర దాటకూడదు. అంటే మేం కట్టింది హోటలు కాదు, గుహ.

పీల్చే పదార్థం కావాలి. చప్పుడుని పీల్చుకోవడంలో దూదిని మించింది ఏముంది? అందులోనూ ఇది జిన్నింగు మిల్లు! నాకు మెరుపు మెరిసినట్టయింది. గోనెసంచుల్లో దూది కూరి గోడలకీ కప్పుకీ వేలాడదీస్తే చప్పుడూ పోతుంది, వేడీ ఆగుతుంది, థీమ్ కూడా అదిరిపోతుంది. మధ్యలో వెదురు తడికలు. బామ్మర్దికి తెగ నచ్చింది. సాయంత్రం బొమ్మ గీసి మామకి చూపించాను.

మామ నామీద అరిచింది నా జన్మలో అదొక్కసారే.

"బుద్ధుండాదిరా నీకు? దూదిని తీస్కబోయి నెత్తిన కడతావా? కింద పొయ్యి, మీద దూది!"

తర్వాత శాంతించి చెప్పాడు. పత్తిలో ఒక రాయో మేకో వచ్చి జిన్ను రోలరుకి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. అందుకే ఆడకూలీలు కూర్చుని రాళ్ళూ చెత్తా ఏరేవాళ్ళు. అయినా ఏటా ఎక్కడో ఒకచోట అంటుకునేది. "దూది మంట మాదిరి మండదురా. లోపల్లోపలే తింటాది. బేలు మీద నీళ్ళు పోసి ఆరిపోయిందనుకుంటాం. మూడోనాడు పక్క బేలు పొగలేస్తాది. ఒకసారి నేను కాటా దగ్గర చీటీ రాస్తాంటే..." అని ఆగిపోయాడు. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పలేదు. ఎడమ చేతి మోచెయ్యి దగ్గరున్న మచ్చని కుడిచేత్తో రుద్దుకున్నాడు. ఆ మచ్చని నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. ఎప్పుడూ అడగలేదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. 2017 డిసెంబరు 29న, అర్ధరాత్రి దాటాక, ముంబయిలో కమలా మిల్స్ అగ్నిప్రమాదం. అదీ పాత బట్టల మిల్లు ఆవరణే, అదీ రెస్టారెంట్లుగా మారిన చోటే. పద్నాలుగుమంది చనిపోయారు. 2004 జూలైలో కుంభకోణం బడి, పూరికప్పు అంటుకుని 94 మంది పిల్లలు. వెదురు, గోనె, తాటాకు, దూది చూడ్డానికి ఎంత బావుంటాయో అంత త్వరగా అంటుకుంటాయి. దూదికి బోరాక్స్ పట్టిస్తే మంటని తట్టుకుంటుంది, విదేశాల్లో ఇళ్ళ గోడల్లో అలాగే వాడతారు. కానీ మన ఊర్లో అది సరిగ్గా పట్టించారా లేదా అని ఎవరు పరీక్షిస్తారు? నేను బెంగుళూర్లో ఉంటాను. నిప్పంటుకున్న రోజు లోపల ఉండేది నేను కాదు. బొమ్మ చించేశాను.

రేకుల విషయంలో కూడా అలాంటిదే. ప్యానెళ్ళు బిగించడానికి రేకులకి బెజ్జాలు వేద్దామన్నాడు మేస్త్రీ. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కదిలించకుండా ఉంటే ఫరవాలేదు గానీ కోసినా, బెజ్జం వేసినా, పొడిగా రుద్దినా ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ సంగతి మా జిల్లావాళ్ళకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె వైపు ఆస్‌బెస్టాస్ గనులుండేవి. 1986లో దేశంలో ఈ గనులకి కొత్త లీజులివ్వడం ఆపేశారు. ఈ పరిశ్రమలో కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమే అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. ఇన్ని తెలిసీ మా మేస్త్రీ చేతికి డ్రిల్లు ఇవ్వలేం కదా.

రెండో వెర్షను పని మామ చేతికే వచ్చింది. ఆయన సైటు ఇన్‌చార్జి, నేను లెక్కలు, బామ్మర్ది డబ్బులు (ఈసారి నా దగ్గర లేవు, వాడు బ్యాంకు దగ్గర తెచ్చాడు).

రేకుల పైన, రుద్దకుండా, తడిపి కడిగి తెల్లటి కూల్ రూఫ్ రంగు రెండు పూతలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక పాలసీయే తెచ్చింది, అంతగా పనిచేసే చవక చిట్కా ఇది. 58 ఉన్నది 45కి దిగింది. దూలాలకి కూడా తెలుపే. చెక్కేసిన ఇటుక గోడకి మళ్ళీ సున్నం. దాని మీదున్న గిలాబు అందం కోసం కాదు, మెత్తటి పాత ఇటుకని కాపాడ్డానికి అని అప్పటికే రాలుతున్న ఎర్ర దుమ్ము చెప్పింది. కప్పు కొసన మిల్లువాళ్ళు దుమ్మూ వేడీ పోవడానికి పెట్టిన కిటికీలు తుప్పుపట్టి మూసుకుపోయి ఉంటే తెరిపించాం. ఏసీలు అమ్మేసి, గోడలకి పెద్ద నీళ్ళ కూలర్లు పెట్టాం. మా ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలరు చక్కగా పనిచేస్తుంది. వేడి గాలి పైనుంచి పోతుంది, చల్లగాలి కిందనుంచి వస్తుంది. మిల్లు కట్టినవాడు ఈ సగం ముందే చేసిపెట్టాడు, మేమే మూసుకుని కూర్చున్నాం.

చప్పుడుకి రాక్‌వూల్. అది రాతితో చేసిన దూది, అంటుకోదు. 120 చదరపు మీటర్లు, దూలాలకి క్లాంపులతో వేలాడదీశాం, ఒక్క బెజ్జం వేయకుండా. దాని కింద కప్పడానికి చిల్లుల రేకు కావాలంటే మామ మమ్మల్ని వెనక షెడ్డులోకి తీసుకెళ్ళాడు. పత్తిలో మట్టి రాల్చే యంత్రాల జల్లెడ రేకులు తుప్పుపట్టి పడున్నాయి. కడిగి రంగేస్తే సరిపోయాయి. లెక్క ప్రకారం 1.4 సెకన్లు. సంగటి అంటే సంగటే వినపడుతోంది.

గుమ్మం ముందు పదడుగుల వసారా దించాం. ఎండలోంచి వచ్చినవాడు రెండు నిమిషాలు అక్కడ నిలబడి, కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి లోపలికొస్తాడు. అప్పటికి కళ్ళు సర్దుకుంటాయి. పసుపు దీపాలు తీసేయలేదు, అవి రాత్రికే. 2700 కెల్విన్ అనే ఆ రంగు దీపాన్ని వార్మ్ అంటారు గానీ నిజానికి తెల్ల దీపం కంటే అది తక్కువ ఉష్ణోగ్రత రంగు. ఆ పేరు పెట్టినవాడికి కూడా నాకు పట్టిన తికమకే పట్టిందన్నమాట! రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపించే రకం కొన్నాం, లేకపోతే నాటుకోడి పులుసు బూడిదరంగులో కనిపిస్తుంది. నల్ల బండల్ని బల్లల మీంచి దించి, గరుకు వైపు పైకి పెట్టి నేలకి పరిచాం. బయటికి తెరుచుకునే తలుపులు రెండో వైపు కూడా పెట్టాం. వంటిల్లు హాలుకి దూరంగా జరిపాం. ఈ ఆఖరి రెండూ మామ షరతులు.

ఇక కాటా సంగతి. నేనూ బామ్మర్దీ దాన్ని పాలిష్ చేసి గుమ్మంలో పెట్టి, వెనక గోడ మీద మిల్లు పాత ఫోటోలు పెద్దవి చేసి పెడదామనుకున్నాం. మామ ఒప్పుకోలేదు. "ఆ దుమ్ము పీల్చినోళ్ళు ఇంగా బతికే ఉండారురా ఈ ఊళ్ళో. వాళ్ళకి రావాల్సిన లెక్క రాలా. వాళ్ళ బొమ్మలు పెట్టి మీరు అన్నం అమ్ముకుంటారా?" అన్నాడు. పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకి బిసినోసిస్ అని పేరుంది. సెలవు తర్వాత సోమవారం పనిలోకి వెళ్ళగానే ఛాతీ పట్టేయడం దాని మొదటి లక్షణం. మా చిన్నప్పుడు మామ సోమవారం రాత్రుళ్ళు దగ్గుతుంటే అత్త మిరియాల పాలు కాచేది. ఆ దగ్గుకి ఒక పేరుందని నాకు ఇప్పుడు తెలిసింది.

డర్హమ్‌లో ఆ పొగగొట్టం కింద కూర్చుని సూపు తాగినప్పుడు అక్కడ పని పోయినవాళ్ళు ఎవరా అని నాకొక్కసారి కూడా తట్టలేదు. ఇనప దూలాలు, పాత ఇటుకలు మనకి అందం. ఆ దూలాల కింద జీతం ఆగిపోయినవాడికి అందం కాదు. పాత మిల్లుల్లో హోటళ్ళు పెట్టొద్దని నేననడం లేదు. పాడుబడి కూలిపోయే కంటే నలుగురు తినే చోటు కావడం మంచిదే. కానీ ఆ జ్ఞాపకాన్ని అలంకారంగా వాడుకునే ముందు, అది ఎవరిదో వాళ్ళని ఒక మాట అడగాలి.

ఫోటోలు పెట్టలేదు. కాటా వేపచెట్టు కిందే ఉంది. తెరవడానికి ముందురోజు మామ తనకి తెలిసిన పాత మిల్లు కూలీలని, ఎక్కువ మంది ఆడవాళ్ళే, ఇళ్ళకు పోయి పిలుచుకొచ్చాడు. ముప్పైమంది దాకా వచ్చారు. ఉగ్గాని బజ్జీ, సంగటి, చెనిక్కాయల చట్నీ, ఓళిగలు. మొదట లోపలికి రావడానికి సంకోచించి వసారాలోనే నిలబడ్డారు. ఒకావిడ నేరుగా హాలు ఈశాన్యం మూలకి పోయి అక్కడ కూర్చుంది. "నా జాగా ఇదే, పన్నెండేండ్లు ఈడే కూసున్న్యా" అంది. తిన్నాక పైకి చూసి, గోడ తడిమి, "సల్లగుండాది నాయనా" అని లేచింది. అంతే. నాకు ఏ రివ్యూలోనూ అంతకంటే ఎక్కువ స్టార్లు రాలేదు.

ఇప్పుడు హోటలు ఎలా నడుస్తోందంటే, నడుస్తోంది. నా తొమ్మిది లక్షలు ఇంకా వెనక్కి రాలేదు, త్వరలో వచ్చేలాగా కూడా లేవు. బామ్మర్ది బ్యాంకు కిస్తీ కడుతున్నాడు, అది చాలు. మామ రోజూ పదకొండింటికి వచ్చి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వచ్చినవాళ్ళకి నీళ్ళిస్తాడు. ఒక నోటుపుస్తకంలో ఎంతమంది వచ్చారో గీతలు గీస్తాడు. బిల్లింగు సాఫ్ట్‌వేర్లో ఆ అంకె ఎలాగూ ఉంటుందని నేను ఒకసారి చెప్పబోయి ఊరుకున్నా.

మొన్న ఊరికి పోతూ పెండ్లిమర్రిలో బస్సు దిగి, రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర ఆగాను. నాలుగు రాతి బండలు, ఒక చెట్టు, ఒక మట్టికుండ. పొలతల పోయి వచ్చే జనం, వేంపల్లె పోయే జనం, అందరూ ఆ నీడలోనే. ఇంటీరియరు లేదు, డిజైనరు లేడు, ఒక్క బల్ల ఖాళీ లేదు. మా ఊరి పేర్లోనే మర్రిచెట్టుంది. ఈ పాఠం నేర్చుకోవడానికి నేను నార్త్ కరోలినా దాకా పోయొచ్చాను.

మీలో ఎవరైనా ఊర్లో హోటలు పెట్టాలనుకుంటే నాదొక్కటే మాట. ఫోటోలు తర్వాత చూసుకోండి, ముందు ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆ షెడ్డులో ఒక గంట కూర్చోండి. పక్కన ఆ షెడ్డులో పనిచేసిన పెద్దాయన్ని ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. ఆయన లేచి బయటికి పోతే, మీరూ ఆయన వెనకే వెళ్ళి ఎక్కడ కూర్చున్నాడో చూడండి. మీ డిజైను అక్కడుంది.